650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ టెలిస్కోప్‌కి బార్లో లెన్స్ పెడితే గెలాక్సీలో డీటెయిల్ పెరుగుతుందా?

ప్రశ్న:
నా దగ్గర 130 మి.మీ. అద్దం ఉన్న న్యూటోనియన్ టెలిస్కోప్ ఉంది, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 650 మి.మీ. కెమెరా కానన్ 1300డి. ఉండేది హైదరాబాద్ శివార్లలో. ఈ మధ్య ఎం51 గెలాక్సీని తీస్తే ఫ్రేములో మరీ చిన్నగా వచ్చింది, దాని సర్పిలాకార చేతులు అలికేసినట్టు వచ్చాయి. 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్‌ని రెట్టింపు చేసే లెన్స్) పెట్టి 1300కి వెళ్లనా, లేక 2.4 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా కొననా?

జవాబు 1:
రెండూ దాదాపు ఒకటేనండీ. పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి, ఒక్కో పిక్సెల్‌లో ఎన్ని ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆకాశం పడుతుందో తెలుస్తుంది. 1300డి పిక్సెల్ 4.3, కాబట్టి ఇప్పుడు మీది 1.36. బార్లోతో 0.68, కొత్త కెమెరాతో 0.76. కానీ మన మైదానాల్లో మామూలు రాత్రి గాలి కదలిక వల్లే లాంగ్ ఎక్స్‌పోజర్‌లో నక్షత్రం 3 ఆర్క్‌సెకన్ల ముద్దగా పడుతుంది, ఆ వెడల్పుకి రెండు మూడు పిక్సెళ్లుంటే చాలు, అవి మీకు ఇప్పటికే ఉన్నాయి. దాన్నే ఇంకా ఎక్కువ పిక్సెళ్ల మీద పరిస్తే బొమ్మ పెద్దదవుతుంది అంతే. పైగా బార్లోతో మీ ఎఫ్ నంబర్ (ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) ఎఫ్/5 కాస్తా ఎఫ్/10 అయి పిక్సెల్‌కి వచ్చే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. గెలాక్సీకి వద్దు.

జవాబు 2:
గ్రహాలకు మాత్రం ఈ లెక్క వేరు. గురుగ్రహం బాగా దగ్గరగా ఉన్నప్పుడు 45 ఆర్క్‌సెకన్లు ఉంటుందనుకున్నా మీ కెమెరాలో 33 పిక్సెళ్లే. అక్కడ వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములే ఏరి స్టాక్ చేస్తాం (ఒకదానిమీద ఒకటి కలుపుతాం) కాబట్టి హద్దు గాలిది కాదు, అద్దానిది: 130 మి.మీ.కి సుమారు 0.9 ఆర్క్‌సెకన్. పిక్సెల్ సైజుకి ఐదు రెట్లు ఎఫ్ నంబర్ అని చాలామంది పాటిస్తారు. ఉదాహరణకి 2.9 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాకి సుమారు ఎఫ్/15, అంటే మీ స్కోప్‌కి 3ఎక్స్ బార్లో. చిన్న పిక్సెల్ కెమెరా గ్రహాల కోసమైతే కళ్లు మూసుకుని కొనండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మరి ఎం51 చేతులు ఎందుకు అలికినట్టున్నాయి?

జవాబు 1:
శివారు వెలుగులో అంత మసక చేతులు రావాలంటే మొత్తం ఎక్స్‌పోజర్ గంటల్లో ఉండాలి, ముందు అది పెంచండి. సిరిల్ అనే ఆస్ట్రోఫోటో సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో ఒక్కో ఫ్రేములో నక్షత్రాల వెడల్పు కొలవండి. 4, 5 పిక్సెళ్లు వస్తుంటే గాలి ఒక్కటే కారణం కాదు, ఫోకస్, కొలిమేషన్ (అద్దాల అమరిక), ట్రాకింగ్ (ఆకాశం తిరిగే కొద్దీ టెలిస్కోప్ తిరగడం) చూసుకోవాలి. 2 కంటే తక్కువ వస్తే అప్పుడు బార్లో గురించి మళ్లీ అడగండి.