ఎస్‌హెచ్‌పీ2ను ఆపేస్తే ఒకే దెబ్బకు రెండు పిట్టలా?

మందార: ఫాస్ఫేటేజ్ అంటే ప్రొటీన్ మీది ఫాస్ఫేటును ఊడదీసేది. ఫాస్ఫేటు తగిలించే ఎంజైమ్ కైనేజ్ వెలిగించినదాన్ని ఆర్పుతుంది కాబట్టి క్యాన్సర్‌కు అడ్డే అనుకుంటాం. ఎస్‌హెచ్‌పీ2 అనే ఫాస్ఫేటేజ్ మాత్రం కణాలను పెరగమనే రాస్ సంకేతాన్ని ఎగదోస్తుంది. చిన్నపిల్లలకు వచ్చే రక్తక్యాన్సర్ జేఎంఎంఎల్‌లో సుమారు మూడో వంతు కేసుల్లో దీని జన్యువు పీటీపీఎన్11లోనే మార్పు ఉంటుంది. పైగా క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలైన టీ కణాలకు, వాటి మీదే ఉండే పీడీ-1 అనే ప్రొటీన్ బ్రేకు వేసేది దీని చేతే అంటారు. మరి దీన్ని ఆపితే కణితీ లొంగుతుంది, టీ కణాలూ లేస్తాయి కదా! ఇంకా తటపటాయింపు దేనికి?

వేపచెట్టు: మందార గారూ, మొదటి పిట్ట సరే. రెండోది అంత తేలిగ్గా పడదు. పీడీ-1 తోకకు ఎస్‌హెచ్‌పీ2 అతుక్కుని ముఖ్యంగా టీ కణాన్ని ఉత్తేజపరిచే సీడీ28 అనే ప్రొటీన్ మీది ఫాస్ఫేట్లను ఊడదీస్తుందని 2017లో చూపించారు, నిజమే. కానీ మరుసటి ఏడాది, టీ కణాల్లో ఈ ఎంజైమే లేని ఎలుకల్లోనూ పీడీ-1ను అడ్డుకునే చికిత్స పనిచేసింది. అంటే బ్రేకు తొక్కే కాలు ఇదొక్కటే కాదు. దీని తోబుట్టువు ఎస్‌హెచ్‌పీ1 పక్కనే ఉంది.

మందార: మాక్రోఫేజ్‌ల వంటి మరో రకం రోగనిరోధక కణాలు, అదే మైలాయిడ్ కణాల మాటేమిటండీ? వాటిలో దీన్ని తీసేస్తే ఎలుకల్లో కణితి తగ్గింది.

వేపచెట్టు: తగ్గింది. కానీ మింగిన మాత్ర మైలాయిడ్ కణాల దగ్గరే ఆగదుగా. కాలేయ కణాల్లో ఈ జన్యువు తీసేసిన ఎలుకలకు వాపు వచ్చి కణితులు పుట్టాయని 2011లోనే తేలింది. అక్కడ కాపలా కాస్తున్నది ఇదే ఎంజైమ్.

గోరింట: మీరిద్దరూ దాని ఆకారం సంగతి వదిలేశారు. మామూలప్పుడు ఎస్‌హెచ్‌పీ2 ముడుచుకుని ఉంటుంది. దాని ముందు భాగమే పనిచేసే గుంటకు బిరడాలా అడ్డం పడుతుంది. 2016లో ప్రకటించిన ఎస్‌హెచ్‌పీ099 అనే మందు మధ్య సందులో దూరి ఆ ముడతను అలాగే బిగించేస్తుంది. జేఎంఎంఎల్‌లో కనిపించే ఈ76కే మార్పులో 76వ స్థానంలోని గ్లుటామేట్ పోయి లైసిన్ చేరుతుంది. దాంతో బిరడా నిలవదు, ఎంజైమ్ తెరుచుకునే ఉంటుంది. తెరుచుకున్నదాన్ని ఆ మందు సరిగా పట్టుకోలేదు. ఏ పిల్లల కోసం మందు కావాలన్నారో, వాళ్లలో ఈ మార్పు ఉన్నవాళ్లకే అది అందదు.

మందార: ఇది నాకు తట్టనే లేదు, గోరింట గారూ. పిల్లల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రాస్ ప్రొటీన్లలో ఒకటైన కేఆర్ఏఎస్‌లో జీ12సీ అనే మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎస్‌హెచ్‌పీ2 సాధారణంగా మార్పు లేకుండానే ఉంటుంది, బిగించవచ్చు. సోటోరాసిబ్ అనే మందు ఆ కేఆర్ఏఎస్‌ను ఆఫ్‌లో ఉన్నప్పుడే పట్టుకుంటుంది. ఎస్‌హెచ్‌పీ2ను ఆపితే అది ఆఫ్‌లో ఎక్కువగా దొరుకుతుంది. ఆ జంట కోసం మాత్రం ఇంకా వాదిస్తాను.