వాక్యం తప్పా ఒప్పా అని అడిగితే నేర్చుకునేవారి తెలుగు ఎంతవరకు తెలుస్తుంది?

పరిశోధక విద్యార్థిని:
నమస్కారం. హైదరాబాదులో స్థిరపడి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్న హిందీ మాతృభాషీయుల మీద నేను పరిశోధన చేస్తున్నాను. కాగితం మీద 40 వాక్యాలు ఇచ్చి, ఏది తప్పో ఏది ఒప్పో గుర్తించమన్నాను. ‘అమ్మాయిలు వచ్చాయి’, ‘నేను డాక్టర్ ఉన్నాను’ వంటివి తప్పని చాలామంది చెప్పగలిగారు. అయితే పరీక్ష ముగిశాక మాటల్లో పడినప్పుడు వారిలో కొందరి నోట సరిగ్గా అలాంటి వాక్యాలే వచ్చాయి. నేను కొలిచింది వారికి వచ్చిన తెలుగునా, తరగతిలో కంఠస్థం చేసిన సూత్రాలనా?

భాషాశాస్త్ర అధ్యాపకుడు:
ఆ తేడాను గమనించడమే మీ పరిశోధనకు పెద్ద మేలు. దాన్ని పొరపాటుగా భావించి వదిలేయకండి. జాన్సన్, న్యూపోర్ట్ అనే పరిశోధకులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు నేర్చుకున్న 46 మంది చైనీస్, కొరియన్ మాతృభాషీయులకు వాక్యాలను టేపు మీద వినిపించి తప్పొప్పులు చెప్పమన్నారు. ఆ తర్వాత 1992లో జాన్సన్ అటువంటి వాక్యాలనే రాతలో ఇచ్చి చూస్తే, వయసు వచ్చాక నేర్చుకున్నవారి ఫలితాలు మెరుగుపడ్డాయి. కాగితం మీద వాక్యం కదలకుండా ఉంటుంది కనుక, చదివినవారు వెనక్కి వెళ్లి సూత్రాన్ని గుర్తు తెచ్చుకోగలరు. సమయ పరిమితి ఉన్న పరీక్ష అప్రయత్నంగా పనిచేసే జ్ఞానాన్నీ, ఆ పరిమితి లేని పరీక్ష, ముఖ్యంగా తప్పు వాక్యాల దగ్గర, తెలిసి వాడే సూత్ర జ్ఞానాన్నీ చూపుతాయని రాడ్ ఎలిస్ అనే పరిశోధకుడు 2005లో వాదించారు. ఇది తేలిపోయిన విషయం కాదు: సూత్రాన్నే వేగంగా వాడగలిగేంత సాధన ఉన్నవారు సమయ పరిమితి ఉన్న పరీక్షనూ దాటగలరని తర్వాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. ఏమైనా, ఒప్పు వాక్యాల మార్కులను, తప్పు వాక్యాల మార్కులను కలిపి ఒకే అంకెగా చూపవద్దు. తప్పు, ఒప్పు వాక్యాలు సమానంగా ఉంటే, అన్నిటికీ ‘ఒప్పు’ అని పెట్టినవారికి కూడా సగం మార్కులు వస్తాయి. తప్పన్న ప్రతి వాక్యాన్నీ సరిదిద్ది రాయమనండి. ‘అమ్మాయిలు వచ్చాయి’లో క్రియను వదిలి ‘అమ్మాయిలు’ అన్న మాటను మార్చినవారికి అసలు విషయం తెలియదని అప్పుడే బయటపడుతుంది.

తెలుగు బోధకురాలు:
పై మాటలకు ఒకటి జోడిస్తాను. ‘మేము’, ‘మనం’ భేదాన్ని మీరు పరీక్షించదలిస్తే విడి వాక్యం పనికిరాదు. ‘మనం నిన్న మీ ఇంటికి వచ్చాం’ అన్నది రూపంలో నిర్దుష్టమే. వింటున్న ఇంటాయన ఆ వచ్చినవారిలో లేనప్పుడే అది తప్పవుతుంది. హిందీలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే కాబట్టి ఈ చోటు మీ పరిశోధనకు చాలా విలువైనది. ముందు రెండు వాక్యాల్లో సందర్భం చెప్పి, ఆ తర్వాత తీర్పు అడగండి. అలాగే, ఒప్పు అంటే ఎవరి తెలుగు? హైదరాబాదులో ఉన్నవారు రోజూ ‘వచ్చిండు’ అని వింటారు. దాన్ని ఒప్పుకున్న అభ్యాసకుడికి మార్కు తగ్గిస్తే, చెవిని సరిగ్గా వాడుకున్నందుకు అతనిని శిక్షించినట్లవుతుంది. అందుకే అదే ప్రాంతపు మాతృభాషీయులకు ముందుగా అవే వాక్యాలు వినిపించి, వారిలో వారికే ఏకాభిప్రాయం లేని వాక్యాలను తీసివేయాలి.

పరిశోధక విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాతృభాషీయులతో సరిపోల్చడమన్నది నా ప్రణాళికలోనే లేదు. వాక్యాలను రికార్డు చేసి, మొదట హైదరాబాదు తెలుగువారికి వినిపించి, నిలిచిన వాటితోనే పరీక్షను మళ్లీ కూర్చుతాను.