నౌపడా డయోరామా పోటీకి, సరుకు స్టాల్‌కు: రెండు పనులూ ఒక్క మనిషి వల్ల అవుతాయా?

టెక్కలి_లైను (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో నాకొక స్టేషనరీ కొట్టు ఉంది. నాలుగేళ్ల క్రితం అందులో ఒక అల్మారా ఖాళీ చేసి ప్లాస్టిక్ మోడల్ కిట్లు, ఆక్రిలిక్ రంగులు, సన్న కుంచెలు, వాటర్ పేపరు పెట్టాను. అమ్మకం గొప్పగా లేకపోయినా ఆగిపోలేదు. డిసెంబరులో బెంగళూరులో రెండు రోజుల స్కేల్ మోడళ్ల ప్రదర్శన జరుగుతున్నది. అడిగితే స్టాల్ ఇస్తామన్నారు. అక్కడే పోటీ కూడా ఉన్నది కనుక, రెండేళ్లుగా కొట్టు కట్టేసిన తరువాత రాత్రిళ్లు కూర్చుని చేసిన నౌపడా స్టేషను డయోరామాను (ఒక దృశ్యాన్ని చిన్న కొలతలో బల్ల మీద నిలిపే నమూనాను) కూడా తీసుకువెళ్లాలని నా కోరిక.

మన జిల్లాల వారికి చెప్పనక్కరలేదు గాని, తెలియనివారి కోసం రాస్తున్నాను. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో నారోగేజ్ రైలు పడింది. తరువాత దానిని గుణుపురం వరకు పొడిగించారు. 2004లో ఆ చిన్న రైలును ఆపివేశారు, 2011లో అదే దారిన బ్రాడ్‌గేజ్ వచ్చింది. నేను చేసినది చిన్న రైలు నాటి ప్లాట్‌ఫారం, నీళ్ల ట్యాంకు, ఉప్పు మడుల నుంచి వచ్చిన బస్తాలు. స్కేలు 1:48, అంటే అసలులో 48వ వంతు, అడుగున ఉన్న ప్లైవుడ్ 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. ఆ లైను పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 1:48లో అది దాదాపు 15.9 మిల్లీమీటర్లు కావాలి. బజారులో దొరికే హెచ్.ఓ. (మోడల్ రైళ్లలో ఒక ప్రామాణిక కొలత) పట్టా 16.5 మిల్లీమీటర్లది కాబట్టి దానినే వాడి, దాని ప్లాస్టిక్ స్లీపర్లు తీసివేసి, కర్ర ముక్కలను కాస్త దూరం దూరంగా అతికించాను. కూలీల బొమ్మలు మాత్రం 1:35వి, ఎందుకంటే నా దగ్గర ఉన్నవి అవే.

ఇంటి నుంచి బయలుదేరేది నేనొక్కడినే. స్టాల్ చూసుకుంటూ పోటీలో కూడా నిలబడటం సాధ్యమేనా? జీఎస్టీ నమోదు నాకు లేదు, అవసరమయ్యేంత వ్యాపారమూ లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కోట_గుమ్మం (విజయనగరం)

నేను ఒకసారి అచ్చంగా మీరు అనుకుంటున్నట్టే వెళ్లాను, ఒంటరిగా, రెండు పెట్టెలతో. ఊరి పేరు, ప్రదర్శన పేరు ఇక్కడ అవసరం లేదు, తప్పంతా నాదే.

పోటీకి మోడళ్లు అప్పగించవలసిన సమయమూ, స్టాళ్లు సర్దుకోవలసిన సమయమూ ఉదయం ఒకటే గంటలో పడ్డాయి. ముందు స్టాల్ సర్దుకున్నాను, ఎందుకంటే దానికి డబ్బు కట్టాను. తరువాత నా పెట్టె విప్పి చూస్తే, నా మోడల్ స్టేషను నీళ్ల ట్యాంకు నిచ్చెన ప్రయాణంలో విరిగి అడుగున పడి ఉన్నది. అప్పగింతకు పావుగంట మిగిలింది. ఇన్‌స్టంట్ జిగురు చుక్క పెట్టి, అది ఆరకముందే పైన గాజు మూత దించేశాను. ఆ జిగురు ఆవిరి మూసి ఉన్న చోట తిరిగి ఎక్కడ పడితే అక్కడ తెల్లగా పేరుకుంటుందని కొన్ని వందల మందికి చెప్పి అమ్మినవాడిని నేనే. అరగంటలో నా స్టేషను మాస్టరు గది కిటికీ అద్దాలన్నీ పొగమంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. న్యాయనిర్ణేత టార్చి వేసి చూసినది ఆ అద్దాలనే.

మధ్యాహ్నం సంగతి ఇంకా దారుణం. న్యాయనిర్ణేతలు మోడళ్లను పరిశీలిస్తున్నంతసేపు నా కాళ్లు స్టాల్‌లో, కళ్లు పోటీ హాలులో. ఒక తండ్రి కొడుకును తీసుకువచ్చి మొదటి ఎయిర్‌బ్రష్ (రంగును గాలితో సన్నగా చిమ్మే పరికరం) ఏది కొనాలని అడిగాడు. నేను రెండు ముక్కల్లో జవాబు చెప్పి మెడ చాచి అటు చూస్తున్నాను. ఆయన నవ్వి పక్క స్టాల్‌కు వెళ్లాడు. ఆ రోజు పోయిన పెద్ద బేరం అదే. సాయంత్రం అయిదుకు స్టాళ్లు ఎత్తేయమన్నారు, మోడళ్లను మాత్రం బహుమతులు ప్రకటించేవరకు కదపకూడదన్నారు. నా రైలు ఏడింటికి.

అందుచేత నా సలహా ఒక్కటే: ఇంకొక మనిషి ఉంటేనే రెండూ పెట్టుకోండి. లేకుంటే ఏదో ఒకటి వదిలేయండి. ఏది వదలాలి అన్నది మీరు ఎందుకు వెళుతున్నారన్న దానిని బట్టి ఉంటుంది.

ఇంకొక మాట. డయోరామాను బల్లకు బిగించినట్టు పెట్టె అడుగుకు మరలతో బిగించండి. చుట్టూ స్పంజి కుక్కితే సన్నని భాగాలే ముందు విరుగుతాయి. నిచ్చెన, స్తంభం వంటివి ఊడదీసి విడిగా తీసుకువెళ్లి, అక్కడ గుచ్చేటట్టు చిన్న రంధ్రాలు పెట్టుకోండి.

పనసకర్ర (బొబ్బిలి దగ్గర)

మాది గొల్లపల్లి వైపు. మేము చేసే చిన్న వీణలు కూడా ఒక విధంగా స్కేల్ మోడళ్లే, కాకపోతే మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. ప్రదర్శనలకు తిరిగి తిరిగి నేర్చుకున్న వ్యాపారపు సంగతులు రెండు మూడు చెబుతాను.

ముందు పన్ను సంగతి చూడండి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితేనే నమోదు అవసరం కావచ్చు గాని, బెంగళూరు అంటే వేరే రాష్ట్రం. అక్కడ రెండు రోజులు స్టాల్ పెట్టి అమ్మినా మిమ్మల్ని తాత్కాలిక పన్నుదారు కింద లెక్కిస్తారు. వ్యాపారం ఎంత చిన్నదైనా నమోదు తప్పదు. అమ్మకం మొదలు కావడానికి కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, అమ్మగలమనుకున్న సరుకుకు పన్ను అంచనా కట్టి ముందే జమ చేయాలి, ఆ నమోదు 90 రోజుల వరకు చెల్లుతుంది. చేతిపని సరుకు అమ్మే మాబోటివారికి 20 లక్షల వరకు దీని నుంచి మినహాయింపు ఉంది. కిట్లు, రంగులు ఆ మినహాయింపులోకి రావు. ఒక అల్మారా సరుకు కోసం ఇంత తతంగం గిట్టుబాటు అవుతుందా అన్నది మీ ఆడిటరును అడిగి లెక్క వేసుకోండి.

రెండవది, రైలులో వెళ్లదలిస్తే థిన్నరు డబ్బాలు ముట్టుకోకండి. మండే సరుకును రైలులో తీసుకువెళ్లడం రైల్వే చట్టం 164వ సెక్షను కింద నేరం, మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. లాకరు రంగులు (థిన్నరుతో కలిపేవి), థిన్నరు అమ్మాలనుకుంటే అక్కడి పంపిణీదారు దగ్గర తీసుకోండి, లేదా నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులతో సరిపెట్టుకోండి.

ఇక బోణీ విషయం. ప్రదర్శనకు వచ్చేవారిలో చాలామంది ఇంట్లో కట్టని కిట్లు గుట్టలుగా ఉన్నవారే. వారు పెద్ద పెట్టె వంక చూస్తారు గాని కొనరు. అప్పటికప్పుడు అయిపోయే వస్తువులు, అంటే జిగురు, బ్లేడ్లు, మాస్కింగు టేపు, కుంచెలు, ముందు వరుసలో పెట్టండి. చిల్లర ఉంచుకోండి, హాలులో ఫోను సిగ్నలు లేని రోజు యూపీఐని నమ్ముకున్నవాడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

సన్న_కుంచె (విజయనగరం)

నేను కొన్ని పోటీలలో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను కనుక పోటీ వైపు మాత్రమే రాస్తాను.

మీ పట్టా గురించి భయపడకండి. 16.5 మిల్లీమీటర్లను 48తో గుణిస్తే 792 వస్తుంది, అసలు కంటె 30 మిల్లీమీటర్లు ఎక్కువ. బల్ల మీద ఆ తేడా అర మిల్లీమీటరు పైన కొద్దిగా మాత్రమే. రెండున్నర అడుగుల లైనుకు 1:48లో ఇదే పట్టా వాడటం ప్రపంచమంతటా అలవాటే. మోడల్ పక్కన పెట్టే కార్డు మీద ఒక వాక్యం రాసి ఉంచితే, తెలిసినవాడు తల ఊపుతాడు, తెలియనివాడు నేర్చుకుంటాడు.

భయపడవలసినది కూలీల గురించి. అయిదున్నర అడుగుల మనిషి, అంటే దాదాపు 165 సెంటీమీటర్ల మనిషి, 1:48లో 34 మిల్లీమీటర్లు ఉండాలి. 1:35లో అతడు 47 మిల్లీమీటర్లు ఉంటాడు. ఆ బొమ్మను మీ ప్లాట్‌ఫారం మీద నిలబెడితే ఏడడుగుల అయిదంగుళాల మనిషి అవుతాడు. స్టేషను తలుపు గుండా వంగి వెళ్లాలి. కొలబద్ద లేకపోయినా ఇది దూరం నుంచే కనబడుతుంది. 1:35 అనే ఈ వింత లెక్క కూడా ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టినది కాదు: 1960ల మొదట్లో జపాను మోడల్ కిట్ల సంస్థ టామియా తన పాంథర్ యుద్ధ ట్యాంకు మోడల్ లోపల మోటారుకు బ్యాటరీలు పట్టేటంత కొలతతో చేసింది, తరువాత కొలిచి చూస్తే అది సుమారు 1:35 అయింది, మిగతా ట్యాంకులనూ దాని వెంటే చేశారు. బ్యాటరీ కోసం పుట్టిన కొలతను మీ నౌపడాలోకి తీసుకురాకండి.

పోటీలో ముందు చూసేది పరిశోధన కాదు, పనితనం. అతుకు గీత కనబడుతున్నదా, గోడలు నిటారుగా ఉన్నాయా, జిగురు మరక, వేలి ముద్ర ఉన్నాయా, బోర్డు మీది డెకాల్ (తడిపి అతికించే అక్షరాల పొర) అంచు వెండిలా మెరుస్తున్నదా. నౌపడా చరిత్ర ఎంత గొప్పగా చెప్పినా ఆ మెరుపు పోదు. డెకాల్ కింద ముందు నున్నగా మెరిసే (గ్లాసీ) వార్నిషు వేస్తే పోతుంది. చేత్తో చేసిన భాగాలకు పని మధ్యలో తీసిన ఫోటోలు నాలుగు పెట్టండి.

వ్యాపారులు పోటీలో పాల్గొనవచ్చా అన్నది నిర్వాహకులను ముందే రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల వారిని వృత్తి విభాగంలో పెడతారు. అనుమతించినా, పరిశీలన అయ్యేవరకు న్యాయనిర్ణేతలకు తగ్గింపు ధరకు ఏదీ అమ్మకండి. నాకు ఒకసారి అటువంటి మర్యాద జరిగింది. కుంచె తిరిగి ఇచ్చివేసి ఆ విభాగం నుంచి తప్పుకోవలసి వచ్చింది.

టెక్కలి_లైను (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. ఆడిటరుగారితో మాట్లాడాను, నా సరుకుకు ఆ నమోదు ఖర్చు, తిరుగుడు కలిపితే మిగిలేది రైలు టిక్కెట్టు కూడా కాదని తేలింది. స్టాల్ వద్దని రాసేశాను. డయోరామా ఒక్కటే తీసుకువెళుతున్నాను, ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి. విశాఖలో ఎప్పుడైనా ఇటువంటిది జరిగితే అప్పుడు మా బావమరిదిని స్టాల్‌లో కూర్చోబెడతాను.

ఏడుగురు కూలీలలో ఆరుగురిని నిన్న రాత్రి పీకివేశాను. ఏడవవాడిని మొదట్లోనే ప్లాట్‌ఫారానికి ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించాను. లాగితే నేల పెచ్చు లేస్తున్నది. ఏమి చేయమంటారు?

సన్న_కుంచె (విజయనగరం)

లాగకండి. మోకాళ్ల దగ్గర రంపపు బ్లేడుతో కోసి పైభాగం తీసివేయండి, మిగిలిన కాళ్ల చుట్టూ ఉప్పు బస్తాలు పేర్చండి. బస్తా మూతి ఒకటి విప్పి కాస్త ఉప్పు ఒలికినట్టు చేస్తే, అక్కడ కూలీ ఉండేవాడని ఎవరికీ తెలియదు. కానీ ఒలకబోయడానికి అసలు ఉప్పు వాడకండి, మన గాలికి చెమ్మ పట్టి రంగును తినేస్తుంది. తెల్ల పాలరాతి పొడి వాడండి.