శిఖరాన ఉండగానే తప్పుకోవడమా, చివరి దాకా వేషం కట్టడమా?

దీపస్తంభం (చర్చ ప్రారంభం):

2014 జనవరిలో పది రోజుల వ్యవధిలో ముగ్గురు ప్రసిద్ధ నటులు కన్నుమూశారు. 13వ తేదీన అంజలీదేవి, 17న సుచిత్రా సేన్, 22న అక్కినేని నాగేశ్వరరావు. వీరిలో ఇద్దరిని ఒక పాత కథ కలుపుతుంది. 1953లో వచ్చిన తెలుగు చిత్రంలో నాగేశ్వరరావు దేవదాసు కాగా, 1955లో బిమల్ రాయ్ తీసిన హిందీ చిత్రంలో సుచిత్రా సేన్ పార్వతి. ఒకే కథతో చిరస్మరణీయులైన ఈ ఇద్దరూ ఆ తరువాత నడిచిన దారులు మాత్రం పూర్తిగా వేరు. ఆమె 1978 తరువాత తెర మీదే కాదు, జనం మధ్యన కూడా దాదాపుగా కనిపించలేదు. 2005లో ఫాల్కే పురస్కారాన్ని సైతం వద్దన్నారని పత్రికలు రాశాయి. ఆయన 2013 అక్టోబరులో తనకు క్యాన్సర్ సోకిందని విలేకరుల ఎదుట స్వయంగా ప్రకటించి, ఆ స్థితిలోనే 'మనం' చిత్రానికి తన పని ముగించి వెళ్లిపోయారు. ఆ చిత్రం ఆయన పోయిన నాలుగు నెలలకు విడుదలైంది.

నా ప్రశ్న సూటిగా ఇది: జనం గుండెల్లో ఒక రూపం నిలిచిపోయాక, ఆ రూపం చెదరకముందే తప్పుకోవడం నటుడి ధర్మమా, లేక ఒంట్లో శక్తి ఉన్నంత కాలం ముఖానికి రంగు వేసుకోవడమే ధర్మమా? నేను మొదటి పక్షంలో ఉన్నాను. అందుకు నా సాక్షి శోభన్ బాబు. 1959లో తెరకు వచ్చి, 1990ల నడుమ, అరవై ఏళ్లు నిండే వేళకు పూర్తిగా విరమించుకుని, తండ్రి, తాత వేషాలకు ఎందరు పిలిచినా వెళ్లక, 2008లో మరణించే వరకూ ప్రేక్షకుల మనసులో కథానాయకుడిగానే మిగిలిపోయిన మనిషి ఆయన. ఆ నిగ్రహం ఇతరులలో ఎందుకు కనిపించదన్నది నా బాధ.

నేపథ్యం:

దీపస్తంభం గారు నాగేశ్వరరావు గారి పేరు ఎత్తి తమ వాదానికే చిక్కు తెచ్చుకున్నారని నా అభిప్రాయం. ఆయనకు 1974లో అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స జరిగింది. అప్పటికే 'దేవదాసు' వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, వయసు యాభైకి చేరింది, చేయవలసినదంతా చేశారని ఎవరైనా అనగలిగిన సమయం అది. ఆనాడే విరమించి ఉంటే 1981లో 'ప్రేమాభిషేకం' ఉండేది కాదు. అంతకంటే ముఖ్యంగా, 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు' ఉండేది కాదు. ఆ చిత్రంలో మౌనంగా కుమిలే ఆ తాతను, ప్రేమకథల నాయకుడిగా వెలిగిన రోజుల్లో ఆయన చేయగలిగేవారు కారు. ఆ పాత్రకు కావలసింది ముఖం మీది ముడతలు ఒక్కటే కాదు, ఇంట్లో పెద్దరికం వహించి, కొందరిని పోగొట్టుకుని, మాట మింగడం నేర్చిన అనుభవం. దాన్ని ఏ మేకప్ మనిషీ ఇవ్వలేడు.

ఇంకొక సంగతి. ఈ ప్రశ్న కథానాయకులను మాత్రమే వేధించే ప్రశ్న. ఎస్.వి.రంగారావు 1951లో 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడిగా కనిపించేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్లు, గుమ్మడి వెంకటేశ్వరరావు 1955లో 'అర్ధాంగి' చిత్రంలో తనకంటే పెద్దవాడైన నాగేశ్వరరావుకు తండ్రిగా నటించేనాటికి ఇరవై ఏడేళ్లు. వీరికి శిఖరం ఏది, పతనం ఏది? వయసు వచ్చే కొద్దీ వీరు తమ పాత్రలకు దగ్గరయ్యారే తప్ప దూరం కాలేదు. చెదిరిపోతుందని మీరు భయపడుతున్నది నటన కాదు, నాయక రూపం. ఆ రెండింటినీ ఒకటిగా చూడడం మన ప్రేక్షకులకు అలవాటైన పొరపాటు.

మూడో గంట:

ఇద్దరు సభ్యులూ మగవారి గురించే మాట్లాడుతున్నారు. సుచిత్రా సేన్‌ను ఒక వాక్యంలో ప్రస్తావించి పక్కన పెట్టారు, అంజలీదేవిని తేదీ చెప్పడానికే తలచుకున్నారు. తప్పుకోవడమా, కొనసాగడమా అని ఆలోచించుకునే అవకాశం ఎవరికి ఉందో ముందు తేల్చుకుందాం.

1972లో 'బడిపంతులు' వచ్చింది. అందులో ఎన్.టి.రామారావు వృద్ధుడైన ఉపాధ్యాయుడు, ఆయన భార్యగా అంజలీదేవి, మనవరాలిగా తొమ్మిదేళ్ల శ్రీదేవి. 1979లో 'వేటగాడు' వచ్చేసరికి అదే రామారావు సరసన కథానాయిక శ్రీదేవి, అప్పటికి ఆమెకు పదహారేళ్లయినా నిండలేదు, ఆయనకు యాభై ఆరు. అంటే ఏడేళ్లలో తాత వేషం నుంచి నాయక వేషానికి వెనక్కి నడిచే దారి ఆయనకు తెరిచే ఉంది. ఆయనకంటే నాలుగేళ్లు చిన్నదైన అంజలీదేవికి అలాంటి దారి లేదు. తల్లి పాత్రలలోకి ఒకసారి అడుగుపెట్టిన నటికి ఆ గుమ్మం ఒక వైపే తెరుచుకుంటుంది. సొంత అంజలీ పిక్చర్స్ మీద 1957లో 'సువర్ణసుందరి' నిర్మించి, 1963లో 'లవకుశ' సీతగా ఊరూరా హారతులందుకున్న నటి విషయంలోనే ఇలా జరిగింది.

దీపస్తంభం గారు సాక్షిగా తెచ్చిన శోభన్ బాబు గారి వద్దకే వద్దాం. 1979లోనే వచ్చిన 'గోరింటాకు'లో ఆయన కథానాయకుడు. ఆ చిత్రంలో సావిత్రి కూడా ఉన్నారు, సహాయ పాత్రలో. ఇద్దరూ దాదాపు ఒక ఈడువారే. 'మాయాబజార్'లో శశిరేఖగా అలరించిన నటికి ఆనాటికి సొంత చిత్రాల నష్టాలలో ఆస్తులు కరిగిపోయాయి, ఆరోగ్యం దెబ్బతింది, వచ్చిన వేషమల్లా వేయక తప్పని స్థితి. రెండేళ్ల తరువాత, నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి, 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూశారు. ఆమె తన రూపాన్ని కాపాడుకోవలసిందని చెప్పే ముందు, కాపాడుకోవడానికి ఏం మిగిలిందో ఆలోచించాలి.

జమాఖర్చు:

మూడో గంట గారు తలుపు గురించి చెప్పారు, నేను తాళం చెవి గురించి చెబుతాను. విరమణలో గౌరవం ఉండాలంటే వెనుక ఆస్తి ఉండాలి. శోభన్ బాబు సంపాదించినది ఎక్కువగా భూముల మీద పెట్టారన్నది పరిశ్రమలో అందరూ చెప్పుకునే మాట, ఇతరులకూ ఆయన అదే సలహా ఇచ్చేవారని అంటారు. వేషం వద్దనగలిగిన ఆయన నిగ్రహానికి ఆ భూముల బలం తోడుంది. దీన్ని తక్కువ చేసి చెప్పడం లేదు, ముందుచూపు కూడా ఒక గుణమే. కాకపోతే దానిని కళాధర్మంగా ప్రచారం చేయడం సరికాదు.

కొనసాగడంలో గౌరవం ఉండాలన్నా అంతే. భానుమతి 1984లో 'మంగమ్మగారి మనవడు'లో మంగమ్మగా నటించేనాటికి ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. చిత్రం పేరే ఆమె పాత్ర మీద నిలిచింది, ఆ వయసు నటికి ఇది తెలుగులో ఎంత అరుదో చెప్పనక్కరలేదు. ఆమెకు ప్రతిభ ఉంది, పాండిత్యం ఉంది, ఎవరికీ తలవంచని నోరూ ఉంది. వాటన్నిటి వెనుక భర్తతో కలిసి నడిపిన భరణి స్టూడియో ఉంది. తొలి రోజుల నుంచీ నిర్మాతగా, 'చండీరాణి' నాటికి దర్శకురాలిగా ఎదిగిన మనిషికి కాల్షీటు కోసం ఎవరి ముందూ నిలబడే అవసరం రాలేదు. నాగేశ్వరరావు గారి వెనుక 1976లో హైదరాబాదులో వెలసిన అన్నపూర్ణ స్టూడియో ఉంది. సావిత్రి కూడా దర్శకురాలే, నిర్మాతే, కానీ ఆ ప్రయత్నాలు ఆమెను నిలబెట్టలేదు, ముంచాయి. కాబట్టి ఒకరిది హుందాతనమని, మరొకరిది దైన్యమని మనం తీర్పు చెప్పేటప్పుడు ఎవరి స్వభావాన్ని కొలుస్తున్నాం, ఎవరి స్థిరాస్తిని కొలుస్తున్నాం అన్నది చూసుకోవాలి.

దీపస్తంభం:

మూడో గంట గారు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, అందువల్ల ఆ మేరకు నా ప్రశ్నను కుదించుకుంటున్నాను. ఎంపిక చేసుకోగలిగిన వారి గురించే అడుగుతాను. క్రీడలను చూడండి. గవాస్కర్ 1987లో బెంగళూరులో పాకిస్తాన్ మీద 96 పరుగులు చేసిన ఇన్నింగ్స్‌తో టెస్టుల నుంచి తప్పుకున్నాడు, ఆ 96 ఇప్పటికీ చెప్పుకుంటాం. మహమ్మద్ అలీ 1980లో లారీ హోమ్స్ చేతిలో, 1981లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడిన తరువాతే ఆపాడు. ఆ రెండు పోటీలను అభిమాని ఎవరూ మళ్లీ చూడాలనుకోడు. నటుడికి మాత్రం ఈ న్యాయం ఎందుకు వర్తించదు?

నేపథ్యం:

వర్తించదు, ఎందుకంటే బాక్సింగులో తాత పాత్ర లేదు. వయసు మళ్లిన బాక్సరుకు ఎదురయ్యేది ఆ పాతికేళ్ల పిడికిలే. నటుడికి వయసుకు తగిన పాత్ర ఇవ్వవచ్చు. పోలిక కావాలంటే గాయకులతో తీసుకోండి, అక్కడ గొంతు శరీరమే కాబట్టి మీ మాటకు కొంత బలం వస్తుంది. ఎస్.జానకి తాను ఇక పాడనని ప్రకటించి, 2017లో మైసూరులో కచేరీ చేసి విరమించుకున్నారు. అది నేనూ మెచ్చిన నిర్ణయమే. అయితే ఎం.ఎస్.సుబ్బులక్ష్మి 1997లో భర్త సదాశివం మరణించాక కచేరీలు మానుకున్నారు. అక్కడ కారణం గొంతు కాదు, శిఖరమూ కాదు. మౌనం వెనుక ఏముందో ప్రతిసారీ మనకు అనువైన కారణమే ఊహించుకోకూడదు.

మూడో గంట:

పాత్ర వయసుకు తగినదైతే చాలన్న నేపథ్యం గారి సూత్రాన్ని 1993తో పరీక్షించి చూద్దాం. ఆ ఏడాది డెబ్భై ఏళ్ల రామారావు చిత్రాలు రెండు విడుదలయ్యాయి. రాఘవేంద్రరావు దర్శకత్వంలోని 'మేజర్ చంద్రకాంత్'లో ఆయన వయసుకు తగిన మాజీ సైనికాధికారి, అది ఘన విజయం. బాపు దర్శకత్వంలోని 'శ్రీనాథ కవిసార్వభౌముడు'లో ఆయన రాజాస్థానాలలో వెలిగి చివరకు దారిద్ర్యం పాలైన కవి, దానిని జనం ఆదరించలేదు. సూత్రం ప్రకారం రెండవది కూడా ఆడవలసిందే కదా? శ్రీనాథుడి ముసలితనాన్ని అభినయించడానికి అంతకు తగిన వయసు, అంతకు తగిన జీవితానుభవం మరెవరికి ఉంటాయి? 1989లో అధికారం పోగొట్టుకుని ఉన్న నాయకుడు, వైభవం పోయిన కవిగా కనిపించడం నా మట్టుకు నాకు 'మేజర్' కంటే ఎంతో బరువైన దృశ్యం. ప్రేక్షకులకు కావలసింది మాత్రం ముసలి వేషంలో ఉన్నా గెలిచే నాయకుడే. దీపస్తంభం గారు కాపాడమంటున్న రూపం అదే అయితే, దానిని కాపాడవలసిన బాధ్యత నటుడిది కాదు.

జమాఖర్చు:

నాకు మొదటి నుంచీ పంటి కింద రాయిలా తగులుతున్నది 'శిఖరాన ఉండగానే' అన్న మాట. ఆ మాటకు మనం తెచ్చుకుంటున్న సాక్షులను ఒక్కొక్కరిగా చూద్దాం. సుచిత్రా సేన్ చివరి చిత్రం 'ప్రణయ పాశా' 1978లో విఫలమైంది, ఆమె తప్పుకున్నది దాని తరువాత. ఈ చర్చలలో తప్పక వినిపించే హాలీవుడ్ పేరు గ్రెటా గార్బో కూడా అంతే, 1941 నాటి ఆమె చివరి చిత్రాన్ని విమర్శకులు చీల్చి చెండాడారు, అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. శోభన్ బాబు విరమించిన 1990ల నడుమ పరిశ్రమ ఆయనది కాదు, చిరంజీవిది, బాలకృష్ణది, నాగార్జునది, వెంకటేష్‌ది. నిజంగా శిఖరం మీద ఉండగా తెరకు దూరమైన వారు ఎవరని వెదికితే నాకు దొరికేది కాంచనమాల. 1942లో 'బాలనాగమ్మ' అంతటి విజయం సాధించిన తరువాత, నిర్మాతతో ఒప్పందం విషయంలో వచ్చిన వివాదం వల్ల ఆమె వృత్తి జీవితం ఆగిపోయింది. మళ్లీ ఆమె కనిపించింది 1963లో, 'నర్తనశాల'లో, ఒక చిన్న వేషంలో. ఆమెను ఎవరూ నిగ్రహానికి ఉదాహరణగా చెప్పరు.

దీపస్తంభం:

జమాఖర్చు గారూ, శోభన్ బాబు విషయంలో మీ మాట పూర్తిగా ఒప్పుకోను. తగ్గుముఖం పట్టాక కూడా వేషాలు వస్తూనే ఉన్నప్పుడు వద్దనడానికి తెగువ కావాలి, భూములు ఎన్ని ఉన్నా ఆర్కు దీపాల ఆకర్షణను వదులుకోలేని వారిని మనం చూస్తూనే ఉన్నాం. సుచిత్రా సేన్ సంగతి వేరు. తాను ఎందుకు తప్పుకున్నదీ ఆమె బహిరంగంగా ఎన్నడూ వివరించలేదు. ముప్పై అయిదేళ్ల ఆ మౌనానికి నేను నా ఇష్టం వచ్చిన అర్థం పెట్టి ఈ చర్చ మొదలుపెట్టాను, ఆమెను నా సాక్షుల జాబితా నుంచి తీసివేస్తున్నాను.

ఇక 'మనం' విషయం మిగిలింది. తన పాత్రకు వేరొకరు గొంతు ఇవ్వవలసి వస్తుందేమోనన్న ఆందోళనతో నాగేశ్వరరావు గారు ఇంటి వద్దనే, మంచం పట్టిన స్థితిలో డబ్బింగు పూర్తి చేశారని ఆయన కుటుంబ సభ్యులే చెప్పారు. అది తెలిసిన తరువాత ఆ చిత్రం చూస్తే, ఆయన నవ్వించే చోట కూడా నేను నవ్వలేకపోయాను.

నేపథ్యం:

నేను నవ్వాను. అది తెలిసే చూశాను, ఆయన కోరుకున్నది అదేనని అనుకుని నవ్వాను.