ఫోన్ నంబర్ పక్కన జెండాలు: లైబ్రరీ కావాలా, ఇమోజీ చాలదా?

కోరమంగల_కోడర్:
మా సైనప్ ఫారంలో ఫోన్ నంబర్ ముందు దేశం ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఉంది, దాంట్లో జెండాలు పెట్టమన్నారు. ప్రపంచ దేశాల జెండాలన్నీ ఉన్న రియాక్ట్ లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఒకటి వేసేద్దామని టీంలో ఒకతను పట్టు పట్టాడు. ఇమోజీ ఊరికే వస్తుంటే ఇంకో డిపెండెన్సీ, అంటే మనం ఆధారపడాల్సిన బయటి కోడ్, నెత్తికెత్తుకోవడం దేనికని నా వాదన. ఏమంటారు?

సిల్క్‌బోర్డ్_సీను:
నీది మ్యాక్ అయ్యుంటుంది బ్రో. అదే పేజీ విండోస్ క్రోమ్‌లో తెరువు, ఇండియా జెండా ఉండాల్సిన చోట ఐ, ఎన్ అని రెండు అక్షరాలు కనిపిస్తాయి. జెండా ఇమోజీ అంటే దేశం కోడ్‌లోని రెండక్షరాలే, వాటిని జెండాగా చూపించాల్సింది ఫాంటు, విండోస్ ఇమోజీ ఫాంటులో దేశాల జెండాలు లేవు. ఫైర్‌ఫాక్స్ తన ఫాంటు తనే తెచ్చుకుంటుంది కాబట్టి అందులో మాత్రం చక్కగా వస్తుంది. టెస్టింగ్‌లో దొరక్కుండా తప్పించుకునేది ఇందుకే.

కోరమంగల_కోడర్:
అక్షరాలు కనిపిస్తే కొంపలేం మునుగుతాయి? పక్కన దేశం పేరు ఎలాగూ ఉంటుందిగా. లైబ్రరీ వేస్తే బండిల్ (బ్రౌజర్ డౌన్‌లోడ్ చేసుకునే మొత్తం కోడ్ ఫైలు) ఉబ్బిపోతుంది, దాని సంగతి చెప్పండి.

మారతహళ్ళి_అక్క:
ఎలా ఇంపోర్ట్ చేస్తావన్నదాన్ని బట్టి ఉంటుంది తమ్ముడూ. లైబ్రరీ మొత్తాన్ని ఒకే ఆబ్జెక్టుగా తెచ్చుకుని, కోడ్ ఇచ్చి జెండా తీసుకున్నావనుకో, ఏది వాడతావో బిల్డ్ టైంలో తెలియదు కాబట్టి ట్రీ షేకింగ్ (వాడని కోడ్‌ని బిల్డ్‌లో తీసేయడం) చేతులెత్తేస్తుంది, అన్నీ బండిల్‌లోకి వచ్చి కూర్చుంటాయి. ఫ్రాన్స్‌కి మూడు పట్టీలు చాలు, మెక్సికో, సెర్బియా లాంటివాటికి మధ్యలో ఉన్న చిహ్నం గీయడానికే ఎస్‌వీజీలో (గీతలతో బొమ్మని వర్ణించే ఫైలు) బోలెడన్ని గీతలు కావాలి. విడి ఫైళ్ళుగా పెట్టి, మెనూ తెరిచాక లోడ్ చేయి. అలాగని నువ్వే గీసుకుని పెట్టుకోకు, అఫ్గానిస్థాన్‌లో 2021లో, సిరియాలో 2025లో జెండా ఎలా మారిపోయిందో చూశాంగా, ఆ మార్పులన్నీ ఎవరు పట్టించుకుంటారు? నా ఓటు లైబ్రరీకే.

సిల్క్‌బోర్డ్_సీను:
ఇంకోటి, ఫోన్ కోడ్ +1 చూసి అమెరికా జెండా పెట్టేయకండి, కెనడాదీ అదే. +7 రష్యాకీ కజకిస్థాన్‌కీ కలిపి. డేటాబేస్‌లో ఆ రెండక్షరాల దేశం కోడ్‌ని ఫోన్ కోడ్‌తో కలపకుండా విడిగా దాచుకోవాలి.

కోరమంగల_కోడర్:
సరే, విడి ఫైళ్ళయితే నాకూ అభ్యంతరం లేదు. అసలు టెన్షన్ వేరే ఉంది, భాష మార్చే మెనూలో కూడా జెండాలే కావాలంటున్నాడు మా మేనేజర్. కన్నడ, తెలుగు, తమిళం, మూడింటి పక్కనా మువ్వన్నెల జెండానే పెట్టాలా?

మారతహళ్ళి_అక్క:
అలాగే చేసి డెమోలో చూపించు, ఆయనే తీసేయమంటాడు.