టీఎంసీలు, క్యూసెక్కులు వదిలి ఘనపు మీటర్లకు మారాలా?

గోదావరి గట్టు:
1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక శేర్లు, వీశెలు క్రమంగా కనుమరుగయ్యాయి. నీళ్లు మాత్రం ఇంకా అడుగుల్లోనే పారుతున్నాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, 312 టీఎంసీలు అంటాం. పోలవరం దగ్గరకొస్తే మట్టం మీటర్లలో, నిల్వ టీఎంసీల్లో. ఎందుకీ కలగాపులగం? అంతా మెట్రిక్‌లోకి మార్చేస్తే సరిపోదా?

ఆయకట్టు రైతు:
మార్చి ఎవరిని ఉద్ధరించాలండీ? లక్ష క్యూసెక్కుల వరద రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. శ్రీశైలం ఎన్నాళ్లకు నిండుతుందో టీ కొట్టు దగ్గర నోటిలెక్కతో చెప్పేస్తాం. మా భూములు ఎకరాల్లో ఉన్నాయి. ఒక టీఎంసీని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలకు వస్తుంది. మాకు పట్టుబడిన లెక్క ఇది.

లెక్కల మాస్టారు:
ఆ 8.64 అనే అంకె అడుగుల కొలత మహిమ కాదు రైతు గారూ. రోజుకు 86,400 సెకన్లు ఉండబట్టి వచ్చింది. సెకనుకు వెయ్యి ఘనపు మీటర్లు వస్తే రోజుకు 8.64 కోట్ల ఘనపు మీటర్లు. అవే అంకెలు! పైగా పది లక్షల ఘనపు మీటర్లంటే వంద హెక్టార్లలో మీటరు లోతు నీరు. ఎకరాకు 43,560 చదరపు అడుగులంటూ కుస్తీ పట్టే పని లేదు. పాసుపుస్తకాలు ఎకరాల్లో ఉన్నాయన్న మాట మాత్రం కాదనలేను.

విశ్రాంత ఇంజనీరు:
లెక్క సులువే, ఒప్పందాల సంగతేమిటి? బచావత్ ట్రైబ్యునల్ కృష్ణాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 811 టీఎంసీలు. మెట్రిక్‌లో సుమారు 2,296.5 కోట్ల ఘనపు మీటర్లు. నోరు తిరగక ఎవరో 2,300 కోట్లని రాస్తారు. ఆ సవరింపులోనే 1.2 టీఎంసీలు పుట్టుకొస్తాయి! ఎండాకాలం వస్తే ఒక్కో టీఎంసీకి లేఖలు రాసుకునే రెండు రాష్ట్రాల మధ్య ఇది తక్కువ తగవా?

పోలవరం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ వింత అంకె ఎక్కడిదనుకున్నారు? సరిగ్గా 150 అడుగులు. ప్రాజెక్టు తొలి దశ మట్టంగా రోజూ వార్తల్లో నలిగే 41.15 మీటర్లు 135 అడుగులే. అడుగుల్లో ఆలోచించి మీటర్లలో రాసుకున్నాం, అంతే.

గోదావరి గట్టు:
సవరింపు తప్పు రాసేవారిది, మీటరుది కాదండీ. దశాంశాలతో సహా రాయమనండి.

వార్తల డెస్కు:
మా తలనొప్పి వేరే ఉంది. కేంద్ర జల సంఘం వారం వారం ఇచ్చే నివేదికలో నిల్వలు బీసీఎంలలో, అంటే వంద కోట్ల ఘనపు మీటర్లలో ఉంటాయి. 35.3తో హెచ్చవేస్తే టీఎంసీలు వస్తాయి. తీరా చూస్తే రాష్ట్రం చెప్పిన అంకెతో కలవవు. వాళ్లది వాడుకోదగిన నిల్వ, ఇక్కడ చెప్పేది డెడ్ స్టోరేజీతో, అంటే తూములకు అందని అడుగు నీటితో కలిపి మొత్తం నిల్వ. కొలత మార్చినంత మాత్రాన ఆ తేడా పోదు. రెండు కొలతలూ వేసి, ఏ నిల్వో కూడా రాస్తే సరి.

ఆయకట్టు రైతు:
వేయండి, అభ్యంతరం లేదు. టీఎంసీలు ముందు వేయండి.

లెక్కల మాస్టారు:
ముందు ఏది వేయాలన్నదే కదండీ గొడవంతా!