కిలిమంజారో విరాళాల యాత్ర: దాతల డబ్బులో ప్రయాణ ఖర్చు కలపవచ్చా?

కృష్ణలంక (చర్చ ప్రారంభించినవారు)

నేను ఉద్యోగం చేసే ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఒక బాలల హాస్పిస్ (నయంకాని జబ్బులున్న పిల్లలను చూసుకునే సేవాసంస్థ) కోసం ఇరవై మంది బృందం వచ్చే సెప్టెంబరులో టాంజానియా వెళ్లి కిలిమంజారో ఎక్కబోతోంది. అందులో మన తెలుగువాళ్లు నలుగురున్నారు. ఒక్కొక్కరూ నమోదు రుసుము కింద 400 పౌండ్లు సొంతంగా కట్టి, బయలుదేరే లోపల కనీసం 4,600 పౌండ్లు విరాళాలుగా సేకరించాలని కరపత్రంలో రాశారు. ఆ 4,600లో దాదాపు సగం విమానం, గైడ్లు, గుడారాలు, పార్కు రుసుముల కింద ట్రెక్కింగ్ కంపెనీకి వెళుతుందన్న సంగతి కూడా అదే కాగితం వెనక వైపు సన్నటి అక్షరాల్లో ఉంది. కాబట్టి దాచారని అనలేను. అయితే వాట్సాప్‌లో నాకు వచ్చిన విజ్ఞప్తిలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. "పిల్లల కోసం మీ ప్రతి పౌండూ" అని మాత్రమే ఉంది.

నేను ఇచ్చే ఇరవై పౌండ్లలో పది పౌండ్లు ఒకరి ఆఫ్రికా ప్రయాణానికి పోతాయని తెలిశాక చేయి ముందుకు రావడం లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టుగా లేదా ఇది? అడిగేవాళ్లు రోజూ ఎదురుపడే స్నేహితులు కనుక కాదనడమూ కష్టమే. ఇలాంటి యాత్రలకు విరాళం ఇవ్వడం సబబా కాదా అన్నది కారణాలతో చెప్పమని సభ్యులను కోరుతున్నాను.

లెస్టర్ వాసి

కృష్ణలంక గారూ, ఆ యాత్రే లేకపోతే మీ ఇరవై పౌండ్లూ ఆ హాస్పిస్‌కు వెళ్లేవేనా? నిజాయితీగా ఆలోచిస్తే వెళ్లేవి కావనే నా నమ్మకం. కంపెనీకి సగం పోయినా, ఒక్కొక్కరి వల్ల 2,300 పౌండ్లు కొత్తగా ఆ సంస్థకు చేరుతున్నాయి. 2009లో కామిక్ రిలీఫ్ అనే బ్రిటిష్ సేవాసంస్థ కోసం తొమ్మిది మంది ప్రముఖులు ఇదే కొండ ఎక్కినప్పుడు వచ్చిన విరాళాలు 30 లక్షల పౌండ్లు దాటాయి. వాళ్లు ఇంట్లో కూర్చుని "ఇవ్వండి" అంటే అంత వచ్చేదా? సేవాసంస్థలు ఉత్తరాలు పంపడానికీ, టీవీలో ప్రకటనలు ఇవ్వడానికీ కూడా దాతల డబ్బే ఖర్చుపెడతాయి. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఖర్చు ఒక మనిషి సంతోషంగా తిరిగి రావడం రూపంలో కంటికి కనిపించేసరికి మాత్రం మనకు గిట్టదు.

అమీర్‌పేట పాఠకుడు

లెస్టర్ వాసి గారి మాటలో కొంత నిజం ఉంది. కష్టపడి సేకరించే విరాళానికి జనం ఎక్కువ ఇస్తారని ఒలివోలా, షాఫిర్ అనే పరిశోధకులు 2013లో ఒక వ్యాసంలో చూపించారు. సేవ కోసం నొప్పి, శ్రమ భరించవలసి వస్తుందంటే మనిషి విందు భోజనం పెట్టి అడిగినప్పటికంటే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతాడని దాని సారాంశం. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి వెళ్లేవాడి మొక్కుకు, కారులో కొండమీదికి వెళ్లేవాడి మొక్కుకు మన ఇళ్లలో ఇచ్చే విలువ ఒకటి కాదు. కాకపోతే, మెట్లెక్కినవాడు తిరుపతి దాకా వచ్చిన రైలు టిక్కెట్టును హుండీ లెక్కలో రాయమనడు.

కొండదారి

నేను మచామే దారిలో కిలిమంజారో వెళ్లి వచ్చినవాణ్ణి. నాది విరాళాల యాత్ర కాదు, ఖర్చంతా నాదే. అందువల్ల డబ్బు ఎక్కడికి వెళుతుందో కొంత వివరంగా చెప్పగలను.

ముందు పార్కు రుసుములు. నేను వెళ్లినప్పుడు రోజుకు 70 డాలర్ల పరిరక్షణ రుసుము, గుడారం వేసుకున్న ప్రతి రాత్రికి 50 డాలర్లు, వాటి మీద రక్షణ బృందం కోసం 20 డాలర్లు తీసుకున్నారు. ఏడు రోజులు, ఆరు రాత్రుల యాత్రకు ఇది 810 డాలర్లు. దాని మీద 18 శాతం పన్ను వేస్తే 955 దాటుతుంది. అంటే కాలు కదపక ముందే, గైడుకూ వంటవాడికీ పైసా ఇవ్వక ముందే ఈ మొత్తం టాంజానియా ప్రభుత్వానికి చెల్లించాలి. కనుక "ట్రెక్కింగ్ కంపెనీ సగం మింగేస్తోంది" అనే ఆరోపణ పూర్తిగా న్యాయం కాదు. ఈ కొండే ఖరీదైనది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఎక్కే ఒక్కొక్కరి వెనక ముగ్గురు, నలుగురు పనివాళ్లుంటారు: గైడు, వంటవాడు, మూటలు మోసే పోర్టర్లు. ఇరవై మంది బృందమంటే అరవై మందికి పైగా మనుషులన్న మాట. మచామే గేటు దగ్గర ఒక తక్కెడ ఉంటుంది. ప్రతి పోర్టరూ తన మూటను దానికి తగిలించి 20 కిలోలు దాటలేదని చూపించుకోవాలి. ఇది కాక తన దుప్పటి, బట్టలు వేరే. అక్కడ నేను గంటన్నర కూర్చుని చూశాను. ఒక మూట 23 కిలోలు తూగింది. ఒక కుర్రాడు దానిలోంచి గ్యాస్ సిలిండరు తీసి పక్కవాడి సంచిలో పెట్టాడు, కాగితం మీద ముద్ర పడింది. గేటు దాటి అడవిలోకి వెళ్లాక, మొదటి మలుపులోనే ఆ సిలిండరు మళ్లీ పాత మూటలోకి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. పోర్టర్ల కూలి, తిండి, పడుకునే గుడారం సరిగా ఉన్నాయో లేదో చూడటానికి కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ 2003 నుంచీ పనిచేస్తోంది. దానితో కలిసి పనిచేసే కంపెనీల జాబితా అందరికీ అందుబాటులో ఉంది.

ఇక అసలు విషయం. దాతల డబ్బు ఎంత తక్కువగా ప్రయాణానికి పోతే అంత మంచిదని మనం ఒత్తిడి పెట్టేకొద్దీ సేవాసంస్థ చౌక కంపెనీని వెతుక్కుంటుంది. పార్కు రోజువారీ రుసుము తగ్గదు, విమానం ధర తగ్గదు, గుడారం అద్దె పెద్దగా తగ్గదు. తగ్గించగలిగినవి రెండే: కొండ మీద గడిపే రోజుల సంఖ్య, పోర్టరు కూలి. హాస్పిస్‌లోని పిల్లవాడి పేరు చెప్పి కిలిమంజారో కింద ఉన్న మోషీ పట్టణంలో ఇంకొకడి పిల్లల కడుపు కొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు, కాని లెక్క అటే నడుస్తుంది. ప్రయాణ ఖర్చు ఎక్కేవాడే పెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే అప్పుడు మంచి కంపెనీని ఎంచుకునే హక్కూ, ఆ బరువూ అతనివే. దాతల డబ్బు మొత్తం పిల్లలకు వెళుతుంది. నేను విరాళం ఇచ్చేది ఆ షరతు మీదే. శిఖరం చేరినందుకు నాకు కలిగిన ఆనందానికి మా పక్కింటావిడ డబ్బు కట్టవలసిన అవసరం నాకైతే కనిపించదు.

స్టెతస్కోపు

స్కాట్లండ్‌లో వైద్యుణ్ణి. ఇక్కడి టేసైడ్ ప్రాంతంలో విరాళాల కోసం పారాచూట్‌తో దూకినవాళ్ల గాయాలను అయిదేళ్ల పాటు లెక్కగట్టి, 1999లో ఇంజురీ అనే వైద్యపత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. గాయపడినవాళ్లలో అత్యధికులు మొదటిసారి దూకినవాళ్లే. సేవ కోసం వచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వ వైద్యసేవకు 13.75 పౌండ్లు ఖర్చయ్యాయని వాళ్లు తేల్చారు. పారాచూట్‌కూ కొండకూ పోలిక పూర్తిగా కుదరదని నాకు తెలుసు. అయినా, విరాళపు లెక్క రాసే పుస్తకంలోకి రాని ఖర్చును ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారన్నది అక్కడా ఇక్కడా ఒకటే. కిలిమంజారోలో జబ్బుపడినవాణ్ణి ఒకే చక్రం ఉన్న స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, రెండు వైపులా పట్టుకుని, చీకట్లో రాళ్ల మీదుగా దించేది అక్కడి పనివాళ్లే.

కొండదారి గారు రోజుల సంఖ్య గురించి అన్నమాటను నేను ఇంకా గట్టిగా అంటాను. 5,895 మీటర్ల ఎత్తుకు అయిదు రోజుల్లో వెళ్లి రావడం చాలా మంది శరీరాలకు తగదు. ఏడెనిమిది రోజులు పట్టే మచామే, లెమోషో దారులు ఆ కారణంగానే మేలు. ఎత్తుల్లో వచ్చే జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర కొంత సాయం చేస్తుంది, కాని అది నిదానానికి బదులు కాదు. సొంత డబ్బుతో వెళ్లినవాడు తలనొప్పి, వాంతులు మొదలయితే "పోనీలే, ఇంకోసారి వద్దాం" అని వెనుదిరగగలడు. మూడు వందల మంది దగ్గర చందా తీసుకుని, వాళ్లందరి పేర్లూ పేజీలో వేసుకుని వచ్చినవాడికి ఆ మాట నోటికి రాదు. అర్ధరాత్రి బరాఫు అనే చివరి శిబిరం నుంచి శిఖరానికి బయలుదేరే ముందు గైడు "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అంటాడు. గీత గీసి, మడమకు కాలివేలు ఆనించి నడవమంటే తూలిపోతాడు. మెదడులో నీరు చేరుతోందనడానికి అది గుర్తు, వెంటనే కిందికి దించాలి. ఇరవై మందిని ఒకే రోజు శిఖరం మీద ఫోటో తీయించాలనుకునే నిర్వాహకుడు ఈ ఒత్తిడిని పెంచుతాడే తప్ప తగ్గించడు.

పద్దుల పుస్తకం

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ కింద, ఇక్కడ పన్ను కట్టే దాత ఇచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. అయితే యాత్రికుడి ప్రయాణ ఖర్చును సేవాసంస్థ భరించేటప్పుడు, ఆ యాత్రికుడూ, అతని భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులూ ఇచ్చిన విరాళాలకు అంత ఖరీదైన ప్రయాణం దాతకు అందిన ప్రయోజనంగా లెక్కకు వస్తుంది. అలాంటి ప్రయోజనానికి ఉన్న పరిమితి దాటుతుంది గనుక వాటి మీద గిఫ్ట్ ఎయిడ్ రాదు. స్నేహితులు, సహోద్యోగులు ఇచ్చిన దానికి వస్తుంది. ఖర్చు యాత్రికుడే పెట్టుకుంటే కుటుంబం ఇచ్చిన దానికీ ఈ అడ్డు ఉండదు. విజయవాడలో ఉన్న బాబాయి పంపినదానికి మాత్రం ఎటూ రాదు, ఆయన ఇక్కడ పన్ను కట్టరు కనుక. ఆ ప్రయాణం కొంతమేరకు యాత్రికుడికి దక్కిన లాభమేనని పన్ను శాఖే గుర్తించినప్పుడు, ఆ సంగతి విజ్ఞప్తిలో మొదటి పంక్తిలో రాయడానికి మొహమాటం ఎందుకు?

రాత్రి డ్యూటీ

నేను ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా పనిచేస్తున్నాను. పైన మాట్లాడిన అన్నలందరూ "సొంత ఖర్చుతో వెళ్లు" అని చాలా తేలిగ్గా అన్నారు. డాక్టర్లకూ, సాఫ్ట్‌వేర్ వాళ్లకూ అది ఒక నెల జీతం కావచ్చు. నా చేతిలో రెండు వేల పౌండ్లు ఎప్పుడూ ఉండవు. రెండేళ్ల కిందట నేను ఇలాంటి యాత్రకే పేరిచ్చి, సెలవు రోజుల్లో బిర్యానీ, గారెలు వండి అమ్మి, దసరా వేడుకలో బల్ల వేసుకుని డబ్బు పోగుచేశాను. ఆ పని ఎవరికీ విహారంలా కనిపించి ఉండదు. మీరు చెప్పే నియమమే పెడితే కొండలు ఉన్నవాళ్లకే, చందాలు అడిగే గౌరవమూ ఉన్నవాళ్లకే అవుతాయి. మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది సొంత డబ్బుతో కాదు కదా. ఆమెను గురుకుల విద్యాలయాల సొసైటీ పంపింది.

కొండదారి

చెల్లీ, మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. బిర్యానీ కొన్నవాడికి బిర్యానీ దక్కింది. ఆ డబ్బు మీరు సంపాదించిందే, దాన్ని ప్రయాణానికి వాడుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. పూర్ణ విషయం వేరు. ఆ అమ్మాయిని పంపడమే అక్కడి ఉద్దేశం, ఇంకెవరి పేరుతోనో చందా అడగలేదు. నా పేచీ అంతా పిల్లల పేరుతో అడిగి, ప్రయాణానికి మళ్లించే పౌండు గురించే. ఇక్కడే 1,085 మీటర్ల స్నోడన్ ఉంది, 1,345 మీటర్ల బెన్ నెవిస్ ఉంది. రైలు ఖర్చు తప్ప ఏమీ ఉండదు.

రాత్రి డ్యూటీ

స్నోడన్ ఎక్కుతానంటే మా వార్డులో ఎంత ఇస్తారో మీకు తెలియదు అన్నా. అయిదు పౌండ్లు ఇచ్చి, "వాన పడకుండా చూసుకో" అంటారు.

లెస్టర్ వాసి

అదే నేను మొదటినుంచీ చెబుతున్నది.

కృష్ణలంక

అందరికీ ధన్యవాదాలు. చదివాక ఆ నలుగురికీ రాశాను. కంపెనీ పోర్టర్ల సంస్థతో కలిసి పనిచేస్తోందా, యాత్ర ఎన్ని రోజులు, ప్రయాణ ఖర్చు ఎవరిది అని అడిగాను. ఒకరు తన వాటా తానే కడుతున్నానని, మచామే దారిలో ఏడు రోజులని రసీదుతో సహా పంపారు. ఆయన పేజీలో యాభై పౌండ్లు వేశాను. ఇద్దరు నిర్వాహకులను అడిగి చెబుతామన్నారు. నాలుగో ఆయన నన్ను గ్రూపులోంచి తీసేశారు. రాత్రి డ్యూటీ గారూ, మీరు మళ్లీ బల్ల వేస్తే ఇక్కడ ఒక మాట చెప్పండి, మా ఇంటికి పది ప్లేట్లు కావాలి.

రాత్రి డ్యూటీ

పది ప్లేట్లంటే ముందురోజు చెప్పాలి. మటన్ కావాలంటే రెండు రోజులు.